నరాల బలానికని చెప్పి ఇచ్చిన బిళ్లలు

కొన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బరువుంది. దాన్ని ఎక్కడా పూర్తిగా దింపుకోలేకపోయాను. నా భార్య ఉన్న రోజుల్లో అయితే ఆమెకి చెప్పేవాణ్ణేమో. ఆమె పోయాకే ఈ తప్పు చేశాను, ఆ దారీ లేకపోయింది. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మిగిలిందేదీ మార్చలేదు.

టెక్కలిలో భూముల సర్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పలాసలో ఉంటాను. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏ పూట ఏం తిన్నాను, అన్నీ రాస్తాను. ఈ సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా నిజం దాచుకున్న మనిషిని ఏమనాలి?

భార్య పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. డాక్టరు కొద్ది రోజులకని నిద్ర బిళ్లలు రాశాడు. ఆ కొద్ది రోజులూ అయిపోయాయి, నేను మాత్రం ఆపలేదు. పాత చీటీ చూపిస్తే మందుల షాపు అతను ఏమీ అడగకుండా ఇచ్చేవాడు. మొదట్లో అర బిళ్ల. బ్లేడుతో సమానంగా కోసుకునేవాణ్ణి. తర్వాత ఒకటి. ఆ తర్వాత ఒకటి చాలేది కాదు. అది అలవాటని నేను అనుకోలేదు. వేళకి వేసుకుంటున్నాను, లెక్క తప్పడం లేదు, అలాంటప్పుడు వ్యసనం ఎలా అవుతుంది అనుకున్నాను. పద్ధతిగా చేసే పని తప్పు కాదని జీవితమంతా నమ్మినవాణ్ణి.

మా చెల్లెలు నరసమ్మది ఉద్దానంలో ఒక పల్లె. కొబ్బరి, జీడి తోట ఉంది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. అక్కడ ఏ ఇంటికి వెళ్లినా ఆ జబ్బు మాటే. నొప్పికి బిళ్ల వేసుకుంటే కిడ్నీ పోతుందని పిల్లలకి కూడా తెలుసు. నరసమ్మకి జీడిపిక్కలు కొట్టీ కొట్టీ భుజాలు పట్టేసేవి. రాత్రంతా మూలిగేది. నొప్పి బిళ్ల మాత్రం ముట్టుకునేది కాదు.

నేను ఆలోచించాను. నిద్ర బిళ్ల నొప్పి బిళ్ల కాదు కదా. కిడ్నీకి భయం లేదు. నిద్ర పడితే నొప్పి తెలియదు. ఈ లెక్క నాకు ఎంత చక్కగా కుదిరిందంటే, ఎవరినీ అడగాలని కూడా తోచలేదు. నిద్ర బిళ్లంటే భయపడుతుందని, నరాల బలానికి అని చెప్పి నావే కొన్ని ఇచ్చాను. కొడుకుతో అనొద్దన్నాను. వాడు ఏ బిళ్ల చూసినా కేకలేసేవాడు. వాడి భయం వాడిది, తండ్రిని చూశాడు.

ఆమెకి నిద్ర పట్టింది. మర్నాడు నవ్వుతూ, "మీ బావ కల్లోకొచ్చి, ఇంకా రాలేదేటే, అని తిట్టినాడన్నియ్యా. రానంటే రానన్నాను, పిక్కలు కొట్టాలి గదా" అంది. నాకు గర్వంగా అనిపించింది. ప్రతి వారం వెళ్లి ఇచ్చి వచ్చేవాణ్ణి.

ఆమె కొడుకు లోకనాథం. వాడి భార్య ఢిల్లీశ్వరి బారువ అమ్మాయి. చేపలు పట్టే కుటుంబం. వాళ్లిద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. మా వాళ్లకి అది మింగుడు పడలేదు. పిల్లాణ్ణి ఏదో చేసి లొంగదీసుకుందని పెళ్లినాడే అన్నారు. ఆ అమ్మాయి పట్టించుకోలేదు. అత్తతో పాటు తోటకి వెళ్లేది, పిక్కలు కొట్టేది. నన్ను పెదనాన్న అని పిలిచేది. మా వైపు భర్త మేనమామని కోడళ్లు అలాగే పిలుస్తారు.

కొన్ని నెలలకి నరసమ్మ మారింది. అన్నం ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీసేది. మాట తడబడేది. పొయ్యి మీద కూర మరిచిపోయేది. వయసు అన్నాను నేను. నిజంగా వయసే అనుకున్నానా? నాకూ ఆ రోజుల్లో మాటలు తడబడేవి. నేనూ పేర్లు మరిచిపోయేవాణ్ణి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. పొలాల హద్దులు గజాల్లో తేల్చినవాణ్ణి, ఇది చూడలేదు.

ఆ సమయంలో నాకు కంటి ఆపరేషన్ అయింది. విశాఖపట్నంలో కూతురి దగ్గర కొన్నాళ్లుండిపోయాను. ఇక్కడ నరసమ్మ దగ్గర బిళ్లలు అయిపోయాయి. ఆ తర్వాత జరిగింది నేను వచ్చాక విన్నాను. ఆమెకి నిద్ర పూర్తిగా పోయింది. వణుకు, చెమటలు. గోడ మీద మనుషులు కనిపిస్తున్నారని అరిచింది. కోడలు గంజి ఇస్తే విసిరికొట్టింది. ఒకరోజు మూర్ఛ వచ్చింది. టెక్కలి తీసుకెళ్లి పరీక్షలు చేయించారు. ఏమైనా బిళ్లలు వాడుతోందా అని అడిగారట. లేదంది. నేను చెప్పొద్దన్నాను కదా. కిడ్నీ రిపోర్టు బాగుంది. మా ఊళ్లలో ఎవరికేం జరిగినా ముందు కిడ్నీ అనుకుంటాం. అది కాదని తేలాక ఇక జబ్బే కాదన్నారు ఊళ్లోవాళ్లు. మందు పెట్టారన్నారు.

తెలియనివాళ్లకి చెప్పాలి. అన్నంలోనో కూరలోనో ఏదో కలిపి మనిషిని లొంగదీస్తారని, లేదా చంపుతారని మా వైపు ఒక నమ్మకం. దాన్ని కక్కించేవాళ్లు కూడా ఉంటారు. చేపల కూరలో ఏం కలిపేసిందో, లేకపోతే అత్తకి మతి ఎందుకు పోతుంది అని పక్కింటి ఆవిడ అందట. ఆ మాట ఊరంతా తిరిగింది.

నేను వచ్చేసరికి కక్కించే మనిషి దగ్గరికి ఆటో సిద్ధంగా ఉంది. నేనూ ఎక్కాను. అతను ఏదో పసరు తాగించాడు. నరసమ్మ పేగులు తెగేలా వాంతి చేసుకుంది. అందులోంచి వెంట్రుకల ఉండ తీసి చూపించాడు. అది అంతకు ముందే అతని వేళ్ల మధ్య ఉండడం నేను చూశాను. ఆపరేషన్ అయిన కళ్లు కదా, చాలా స్పష్టంగా చూశాను. ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక ఆమె ఇంకా వణుకుతూనే ఉంది. అందరూ బయట మాట్లాడుకుంటున్నారు. నేను జేబులోంచి ఒక బిళ్ల తీసి ఆమె నోట్లో వేసి నీళ్లు పట్టించాను. కాసేపటికి వణుకు తగ్గింది. నిద్రపోయింది. పొద్దున లేచి కాఫీ అడిగింది. కక్కించిన మనిషి పేరు మారుమోగిపోయింది. ఢిల్లీశ్వరి మీద నేరం రుజువైపోయింది.

నాకు తెలియదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. బిళ్లల వల్లే అదంతా అని అప్పటికి తెలియదు, డాక్టరు చెప్పాకే తెలిసింది అని. మరి తెలియకపోతే చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్లింది? అందరూ బయటికి వెళ్లేదాకా ఎందుకు ఆగాను?

రెండు రోజులకి ఆ ఇంటి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. చదువుకున్నవాణ్ణని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఢిల్లీశ్వరి గుమ్మం దగ్గర నిలబడింది. ఏడవలేదు. ఎవరితోనూ వాదించలేదు. నా వైపు తిరిగింది.

"పెదనాన్నా, మీరు వారం వారం మా ఇంటికొత్తారు. మా అత్త ఏటి తింతాదో, ఎవులేటి పెడతారో మీకెరిక. నానేటైనా పెట్టుంతానా? మీరు సెప్పండి, మీ మాట ఇంతారు."

బిళ్లల సంగతి ఆమెకి తెలిసే అందా అని భయపడ్డాను. కాదు. ఆమెకి తెలియదు. నన్ను నమ్మి అడిగింది, అంతే.

"పెద్దలందరూ ఒక మాట అనుకున్నాక నేను కాదంటే ఏం బాగుంటుందమ్మా. కొన్నాళ్లు మీ ఊరెళ్లి ఉండు" అన్నాను.

"మీరూనా?" అంది.

సాయంత్రం ఆమె అన్న వచ్చి బండి మీద తీసుకెళ్లిపోయాడు. లోకనాథం తోటలో కూర్చుని ఇంటికి రాలేదు. వెనక్కి పిలుద్దామని వాడు అన్నప్పుడల్లా తల్లి ఒప్పుకోలేదు. నేను ఆమెకి బిళ్లలు ఇస్తూనే ఉన్నాను. ఆపితే మళ్లీ ఏం జరుగుతుందోనని భయం. ఆ భయమే చెబుతోంది కదా, నాకు తెలుసని.

తర్వాత షాపు అతను కొత్త చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. ఇంకో చీటీ తెచ్చుకోవచ్చులే అనుకుంటూ మూడు రోజులు ఊరుకున్నాను. నా చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. వాకిట్లో ఎవరో నిలబడ్డట్టు కనిపించింది. నరసమ్మకి కనిపించినట్టే. భయపడి శ్రీకాకుళంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, ఇది అలవాటు కాదు, వ్యసనం అన్నాడు. ఒక్కసారిగా మానితే మూర్ఛ వస్తుందని, ప్రాణం మీదికి కూడా వస్తుందని చెప్పాడు. తర్వాత మామూలుగా ఒక ప్రశ్న అడిగాడు. ఇంట్లో ఇంకెవరైనా ఇవి వాడుతున్నారా అని.

లేదన్నాను. బయటికొచ్చి బస్టాండులో కూర్చున్నాను. పలాస బస్సు వచ్చి వెళ్లింది. నేను కదల్లేదు. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చింది? చెల్లెలి ప్రాణం మీదికి వస్తుందని ఇప్పుడే విన్నానే! మళ్లీ లోపలికి వెళ్లాను. ఉంది సార్, మా చెల్లెలుంది అన్నాను. ఢిల్లీశ్వరి గురించి మాత్రం చెప్పలేదు.

ఇద్దరికీ వైద్యం మొదలైంది. కొంచెం కొంచెంగా మోతాదు తగ్గించడం. ఆమెకి డాక్టరు చెప్పిన లెక్కన నేనే కోసి ఇచ్చేవాణ్ణి, కొడుక్కి తెలియకుండా. తగ్గించిన ప్రతిసారీ కొన్నాళ్లు నరకం. చెవుల్లో హోరు, ఒళ్లంతా చీమలు పాకినట్టు, ఊరికే ఏడుపు. వెనక్కి వెళ్లిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో. పగలు పడుకోకూడదని, నడవమని డాక్టరు చెప్పాడు. నేను వెళ్లినప్పుడల్లా ఇద్దరం తోట చుట్టూ నడిచేవాళ్లం. నరాల బలం బిళ్లలు ఎక్కువైనాయి, తగ్గించాలి అని మాత్రం ఆమెకి చెప్పాను. ఇంకో అబద్ధం. ఆరు నెలలు దాటాక ఇద్దరికీ పూర్తిగా ఆగాయి. ఆమెకి మాట తేటగా వచ్చింది. చూపు తేటపడింది. పాత నరసమ్మ అయింది.

ఒకరోజు మధ్యాహ్నం అరుగు మీద పిక్కలు కొడుతూ, చాలా మామూలుగా అంది.

"ఆ బారువ పిల్ల పెట్టింది ఇన్నాళ్లకి ఒంట్లోంచి పూర్తిగా దిగినాదన్నియ్యా."

నేను చేయించిన వైద్యం కూడా ఆ అమ్మాయి మీద సాక్ష్యమైపోయింది. ఆమె కోలుకునే కొద్దీ కోడలి నేరం గట్టిపడింది. నేను ఊరుకుంటే అబద్ధం ఉన్నచోటే ఉంటుందనుకున్నాను. ఉండలేదు, పెరిగింది.

లోకనాథం తోట నుంచి వచ్చేదాకా ఉండి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం చెప్పాను. నరసమ్మ తన చేతులు చూసుకుంది. "అయితే ఆ పిల్లని నాను తిట్టినవన్నీ..." అని ఆగిపోయింది. లోకనాథం లేచి బండి తీశాడు. ఆ రోజు నుంచి నన్ను మావా అని పిలవలేదు.

వాడు బారువ వెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు. ఆమె ఒకటే అడిగిందట. ఆ అరుగు మీద, ఆ పెద్దల ముందు ముసిలాయన ఈ మాట సెప్తాడా అని. చెప్పాను. ఆ ఆదివారమే చెప్పాను. కొందరు తల దించుకున్నారు. కొందరు నా మొహం చూడకుండా లేచిపోయారు. పక్కింటి ఆవిడ మాత్రం, బిళ్లలు మానేసరికి ముసిలాయనకి మతి సెడింది, ఆ పిల్లని ఎనకేసుకొస్తన్నాడు అంది. అది విని ఇద్దరు ముగ్గురు ఊరట పడ్డట్టు నవ్వారు. వాళ్లకి ఆ మాటే కావాలి. వాళ్లూ ఆ రోజు అరుగు మీద కూర్చున్నవాళ్లే.

ఢిల్లీశ్వరి ఇంకా రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు. ఆమె క్షమించాలని ఇది రాయడం లేదు. ఆమె మీద వేసిన మాట నేను నడవగలిగిన దూరం దాటిపోయింది. ఇచ్ఛాపురం పెళ్లిలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఏ అరుగు మీదని వెళ్లి చెప్పను?

కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. నాకు మతి సరిగ్గా ఉంది. ఆ అమ్మాయి ఎవరికీ ఏమీ పెట్టలేదు. బిళ్లలు ఇచ్చింది నేను. దాచమన్నది నేను. ఆమెని ఇంట్లోంచి పంపేసింది కూడా నేనే.

ఈ చివరి నాలుగు వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఇంతవరకూ ఎక్కడా రాయలేకపోయాను. ఇప్పుడు రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి నాకు రావలసిందేమీ లేదు.