బేబీ సీటులో గుండ్రాయి

మొన్న నంద్యాలలో ఏం జరిగిందో చెప్తే మీరు నమ్మరు. నమ్మకపోవడమే ఇక్కడ అసలు గొడవ కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా వియ్యంకుడి ఇంటి వరండాలో, అందరి ఎదుటా చేతులు జోడించి, "అప్పా, నేను చెప్పింది అబద్ధం, నమ్మండి" అని బతిమాలుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు!

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. మా ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి టీ హోటల్లో నా నోట వినపడుతుంది. గిట్టనివాళ్లు నన్ను ఊరి రేడియో అంటారు. కిటికీలు తెరుచుకుని గట్టిగా పోట్లాడుకునేది వాళ్లు, చెవులు మూసుకోవాల్సింది నేనా? సరే, ఆ సంగతి వదిలేద్దాం.

మా కోడలు శ్రావణి కాన్పుకని నంద్యాలలో పుట్టింటికి పోయింది. బంగారంలాంటి ఆడపిల్ల పుట్టింది. మాలో బిడ్డను మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటికి తెచ్చుకోవాలి, సరి నెల పనికిరాదు. మూడో నెలలో పాపకు జలుబు చేసిందని ఆగాం. ఇప్పుడు ఐదో నెల చివరికొచ్చింది. ఇది దాటితే ఇక ఏడో నెలే. మా ఇంటామె ఉయ్యాల కడిగి, ఆరబెట్టి, కట్టి, దాని ముందర కూర్చుని ఊపుతూ ఉంది. ఖాళీ ఉయ్యాల ఊపరాదని ఊరందరికీ చెప్పేది ఆమే! బిడ్డ వచ్చేదాకా ఆ ఇంట్లో నాకు వేళకు ముద్ద దొరికేలా లేదు.

అప్పుడు కోడలు ఫోన్ చేసింది. నర్సింగ్ చదివిన పిల్ల. మాట చాలా మెత్తన. ఆ మాటను పక్కకు జరపాలంటే మాత్రం ట్రాక్టరు కట్టి లాగాలి.

"మామా, బేబీ సీటు లేకుండా పాపను కార్లో తీసుకురాను."

"అదేందమ్మా?"

"కార్లో బిడ్డను పడుకోబెట్టి బెల్టు వేసే సీటు మామా."

"దానికి మీ అత్త ఒడి ఉండాది గదమ్మా."

"అత్త ఒడికి బెల్టు ఉండాదా మామా?"

మా ఇంటామె నడుముకు తాళాలగుత్తి తప్ప ఇంకేమీ లేదు.

మా అబ్బాయి సురేంద్ర వెంటనే సెల్ తీసి కొత్త సీటు ఆర్డర్ పెట్టబోయాడు. మా ఇంటామె సెల్ లాక్కుంది.

"పుట్టిన బిడ్డకు ముందు కొత్త బట్టలు వేస్తామా? ఎవురన్నా గట్టి బిడ్డ తొడిగిన పాత బట్టలే గదా వేసేది! సీటు గూడా అట్లనే. గట్టి బిడ్డ కూర్చున్న సీటయితే మన పాప గూడా గట్టిగా ఉంటాది."

లా పాయింటు! కొత్తది కొనొద్దనే మాటకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పను.

మా ఊళ్లో గట్టి బిడ్డ అంటే ఓబులేసు కొడుకే. ఒకటో తరగతి చదువుతున్నాడు గానీ, వాడు బెంచీ మీద కూర్చుంటే అవతల కొసన ఉండే పిల్లోడు పైకి లేస్తాడు. ఆ పిల్లోడు చిన్నప్పుడు కూర్చున్న సీటు ఓబులేసు వాళ్ల అటక మీద ఉందని నాకు తెలుసు. ఎవరి అటక మీద ఏముందో నాకు తెలుసు.

ఈ మాట ఫోన్లో కోడలికి చెప్పాను.

"పాత సీటా మామా? అట్లయితే దాని చరిత్ర తెలియాల. ఆ కారుకు ఎప్పుడన్నా యాక్సిడెంట్ అయిందేమో కనుక్కోండి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన సీటు పైకి బాగానే ఉంటాది. లోపల యాడో పగులుంటాది, మనకు కనపడదు. అట్లాంటి దాంట్లో పాపను పెట్టలేను."

చరిత్ర! ఆ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది. నేను ఇన్నేళ్లు చేస్తున్న పనికి చదువుకున్న కోడలు విలువ ఇచ్చింది!

అదే పొద్దు ఓబులేసు ఇంటికి పోయాను. అటక మీది నుంచి సీటు దించాడు. దుమ్ము దులిపితే బాగానే ఉంది. నీలం రంగు బట్ట, బెల్టులు, బకిలు, అన్నీ ఉన్నాయి. పెళ్లి సంబంధానికి విచారించినట్టు అడిగాను.

"ఏం ఓబులేసూ, ఈ సీటు చరిత్ర ఏందిరా?"

ఓబులేసు తల దించుకున్నాడు. "నీకు తెలీనిదేముందన్నా" అన్నాడు.

ఎంత మర్యాద! ఊళ్లో నా విలువ తెలిసినవాడు వీడొక్కడే అనుకున్నాను.

"ఇంతకూ నీకెందుకన్నా ఇది?" అని అడిగాడు.

పక్కవాళ్ల సంగతి మనం తెలుసుకోవడం వేరు, మన సంగతి పక్కవాళ్లకు చెప్పుకోవడం వేరు. "ఏదో పనుందిలే" అని సీటు చంకన పెట్టుకుని వచ్చేశాను. మా ఇంటామె దాన్ని కుంకుడుకాయ రసంతో కడిగి, ఎండబెట్టి, సాంబ్రాణి పొగ కూడా వేసింది. నాకు పెళ్లినాడు కూడా అంత మర్యాద జరగలేదు.

మంచిరోజు చూసుకుని ముగ్గురం కారులో నంద్యాల చేరాం. మా వియ్యంకుడు రిటైరైన లెక్కల మాస్టారు. నీళ్లు తాగినా ఎన్ని గుటకలయ్యాయో చూసుకునే మనిషి. సీటును వరండాలో బల్ల మీద పెట్టించి, కళ్లద్దాలు సవరించుకుని చుట్టూ తిరిగాడు.

"ఎవురిది బావా ఇది?"

"మా ఊరి ఓబులేసుది బావా. దీని చరిత్రంతా నేనే విచారించినా. ఏ యాక్సిడెంటూ లేదు. నాదీ పూచీ!"

వియ్యంకుడు కళ్లద్దాలు తీశాడు.

"ఓబులేసంటే... కారు కేసీ కాలవలోకి మూడు పల్టీలు కొట్టి, బెల్టుకు తలకిందులుగా వేలాడతా, మోగతాండే ఫోన్ ఎత్తి 'ఇంటికి వస్తాండా' అని పెళ్లానికి చెప్పినాడే, ఆ ఓబులేసేనా?"

నా నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది.

ఆ కథ నాదే. కిందటేడు ఓబులేసు కారు సొట్ట పడింది. ఏమైందిరా అంటే, "గేటు తగిలిందన్నా" అన్నాడు. గేటు తగిలిందంటే టీ హోటల్లో వినేదెవరు? నేనే ఆ కారును తీసుకుపోయి కాలవలో వేశాను. జనం ఇంకా చప్పరిస్తున్నారని మూడుసార్లు పల్టీ కొట్టించాను. శ్రావణి శ్రీమంతం రోజు ఇదే వరండాలో, ఇదే వియ్యంకుడికి, చేతులతో పల్టీలు చూపిస్తూ చెప్పాను. ఆయన అప్పుడు అన్నీ లెక్కపెట్టుకున్నాడన్నమాట!

శ్రావణి నా వైపు చూసింది. "మామా, మూడు పల్టీలు కొట్టిన కార్లో సీటా ఇది?"

మా ఇంటామె కూడా నా వైపు చూసింది. అది వేరే రకం చూపు. ఇంట్లో ఉయ్యాల ఇంకా ఖాళీ అనే చూపు.

ఇక తప్పలేదు. చేతులు జోడించాను. "అప్పా, నేను చెప్పింది అబద్ధం, నమ్మండి. ఆ కారు పల్టీ కొట్టలా. గేటు తగిలిందంతే. మిగతాదంతా నేను కలిపిందే!"

"అదెట్లా బావా?" అన్నాడు వియ్యంకుడు. "కాలవ కట్ట మీద ఏ చెట్టు దగ్గర దిగినాడో గూడా చెప్పినావే. అంత వివరంగా అబద్ధం చెప్పేదానికి ఎవురికన్నా అయితాదా?"

"నాకు అయితాది బావా!"

"నువ్వు ఊరికే మొహమాటపడి ఓబులేసును కాపాడుతాండావు. నీది మంచి మనసు."

పుట్టి బుద్ధెరిగిన తర్వాత నన్ను మంచి మనసన్న మనిషి ఆయనొక్కడే. అదీ తప్పుడు కారణానికి!

పాప పక్కగదిలో నిద్ర లేచి ఏడుపు అందుకుంది. మా ఇంటామె పోయి ఎత్తుకుంది. "ఏడో నెల దాకా నేనుండలేను, నేను ఈడనే ఉంటా. నువ్వు పోయి వండుకుని తిను" అంది నాతో. వంట మాట రాగానే వ్యవహారం నిజంగా విషమించిందని నాకు అర్థమైంది.

అప్పుడు మా వియ్యపురాలు గొంతు విప్పింది. "ఇంత రభస ఎందుకు? తొట్లె వేసిన దినం ఏం చేసినాం? బిడ్డ కంటే ముందు గుండ్రాయిని పడుకోబెట్టి ఊపినామా లేదా? ఇప్పుడూ అంతే. ముందు గుండ్రాయిని సీట్లో పెట్టి ఒక రౌండు కొట్టి రండి. రాయికి ఏమీ కాకపోతే బిడ్డకూ కాదు."

నిజమే కదా! బిడ్డను తొట్టెలో వేసే రోజు, బిడ్డ రాయిలాగా గట్టిగా ఉండాలని, రుబ్బురోలు గుండ్రాయిని ముందు పడుకోబెట్టడం మనలో ఉన్నదే. కారు కంపెనీలవాళ్లు ఇప్పుడిప్పుడే బొమ్మల్ని పెట్టి గోడలకు గుద్ది చూస్తున్నారు. మన ఆడవాళ్లు ఎప్పటినుంచో టెస్టింగు చేస్తున్నారు!

శ్రావణి మెత్తగా చెప్పింది. "రాయి నిలిచినా సరే, నేను మాత్రం పాపను పెట్టను. చరిత్ర తేలాల్సిందే." ఆమె మాట ఎవరు వింటారు? అప్పటికే వియ్యపురాలు గుండ్రాయిని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టింది. చలి తగులుతుందేమోనని పాప టోపీ కూడా పెట్టింది.

కారు వెనక సీటు మధ్యలో బేబీ సీటు బిగించారు. చిన్న బిడ్డకు వెనక్కి తిప్పి పెట్టాలని శ్రావణి చెప్తే, అట్లనే తిప్పారు. రాయిని పడుకోబెట్టి బెల్టు పెట్టారు. సురేంద్ర స్టీరింగు పట్టాడు, పక్కన వియ్యంకుడు, వెనక రాయి పక్కన నేను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన అద్దంలోంచి తొంగి చూసి, "ఎవురి పోలికప్పా?" అన్నాడు. మూతి మాత్రం మా వియ్యంకుడిలాగే ఉంది.

ఇంటి వెనక కొత్త లేఅవుట్ రోడ్డు. జనం లేరు. సురేంద్ర వేగం పెంచాడు.

"కొట్టు బ్రేకు!" అన్నాడు వియ్యంకుడు, పిల్లలకు ఎక్కం అప్పజెప్పమన్నట్టు.

సురేంద్ర కొట్టాడు. కారు ఆగింది. రాయి ఆగలేదు.

బెల్టు ఊడలేదు, బకిలు ఊడలేదు. సీటు నడుమే "ఫట్" మని రెండుగా చీలింది. గుండ్రాయి ఆ చీలికలోంచి బయటపడి, ముందు సీట్ల సందులోంచి దూరి, ఎదురుగా ఉన్న స్క్రీన్‌ను గుద్ది, గేరు పక్కన కూర్చుంది. టోపీ అలాగే ఉంది! పగిలిన స్క్రీన్ మీద వెనక కెమెరా దానంతటదే వెలిగింది. అందులో మా వియ్యపురాలు హారతిపళ్లెం పట్టుకుని కారు వెంట పరుగెత్తి వస్తోంది.

వియ్యంకుడు రాయికి టోపీ సరిచేశాడు.

ఇంటికి తిరిగొచ్చి, సీటు మీది నీలం బట్ట లాగి చూశాం. లోపలి ప్లాస్టిక్‌లో పగులు. కొత్తగా విరిగినచోట తెల్లగా ఉంది, మిగతాచోటంతా పాత దుమ్ము నిండి నల్లగా ఉంది. అంటే ఇది ఇవాళ్టి దెబ్బ కాదు. గేటు తగిలితే ఇంత పగులుతుందా? ఓబులేసుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"ఏరా, నిజం చెప్పు. నీ కారు యాడన్నా పల్టీ కొట్టిందా?"

"ఏందన్నా, కొత్తగా అడుగుతాండావు? ఏడాది నుంచి ఊరంతా చెప్తాండేది నువ్వే గదా! మా ఇంటామె భయానికి నేను గేటని చెప్తి. పిల్లోడు కార్లో లేడు కాబట్టి సరిపోయింది, వాడికి పట్టని పాత సీటు మాత్రం తియ్యకుండా వెనకాలనే ఉండె. కాలవ కట్ట మీద ఆ పొద్దు పురుగు గూడా లేదు. నువ్వు యాడ దాంకోని చూసినావో ఇప్పటికీ తెలీలేదన్నా!"

"మూడు పల్టీలా?"

"మూడేనన్నా. నువ్వు చెప్పినట్టే."

"మరి సీటు ఎట్ల ఇచ్చినావురా నాకు? బ్రేకు కొడితే రెండుగా చీలింది!"

"నీకన్నీ తెలుసు గదా, కోళ్లకు గూడు కడతావేమో అనుకుంటి. ఎందుకని అడిగితే చెప్పకపోతివి!"

వియ్యంకుడు నా భుజం తట్టాడు. "చూసినావా బావా, నేను ముందే చెప్పినా. నీ నోట అబద్ధం రాదు" అన్నాడు.

ఆ సీటును ఇంకెవరూ తీసుకుపోయి వాడకుండా బెల్టులు కోసెయ్యమంది శ్రావణి. నేను రోడ్డు పక్కన కూర్చుని కొడవలితో పరపరా కోస్తుంటే, పాలు పోసే ఆయన సైకిల్ ఆపి, "పసిబిడ్డ సీటు మీద అంత పగేందప్పా?" అని జాలిపడ్డాడు. సురేంద్ర నంద్యాలలోనే ఒక షాపుకు పోయి కొత్త సీటు తెచ్చాడు. మా ఇంటామె ఈసారి పాత బట్టల మాట ఎత్తలేదు. పాప ఆ సీట్లో పడుకుని, బెల్టు పెట్టగానే గుప్పిట్లో దాన్ని పట్టుకుని, ఊరి పొలిమేర దాటకముందే నిద్రపోయిందట. "అట" అని ఎందుకంటున్నానంటే నేను ఆ కారులో లేను. కొత్త సీటు, అటు కోడలు, ఇటు మా ఇంటామె, ముందు సామాను. నాకు చోటు లేదు. నేను ఆర్టీసీ బస్సులో వచ్చాను.

బస్సు దిగి ఊళ్లోకి వచ్చేసరికి మా ఇంటి ముందర జనం. పాపను చూడ్డానికి వచ్చారనుకున్నాను. కాదు! అందరి చేతుల్లో బత్తాయిలు. నన్ను చూసి ఒక ముసలామె నోరు నొక్కుకుంది.

"అయ్యో నాయనా, బతికే ఉండావా? నిన్ను బిడ్డ సీట్లో కట్టేసి బ్రేకు కొట్టినారంటనే! అద్దంలోంచి బయటపడి మూడు పల్టీలు కొట్టినావంట!"

జనం వెనకాల ఓబులేసు నిలబడి ఉన్నాడు. టీ హోటల్లో నా కుర్చీలో కూర్చుని వచ్చిన కళ కనపడుతోంది వాడి మొహంలో.

అబద్ధం అని చెప్పడానికి నోరు తెరిచాను. నేను అబద్ధమంటే నమ్మేవాళ్లెవరు? అంతమంది పనులు మానుకుని, పండ్లు పట్టుకుని వచ్చారు. బత్తాయిల సంచి అందుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ, మెల్లగా ఇంట్లోకి పోయాను.