బోల్టు పట్టేసిన రైఫిల్

పదవీ విరమణకు ముందు ఏడాది, వానాకాలం చివర, నన్ను సిరిసిల్లలో ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌గా వేశారు. ఆయుధాల మరమ్మతు, తనిఖీ నా పని. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసుల దగ్గర డిపాజిట్ కావాలి. ఒక్కోదాన్నీ విప్పి చూసి, లోపల ఏమీ లేదని రాసి సంతకం పెట్టాలి. ఆ రోజులు తలచుకుంటే ముసురు, నూనె వాసన, దూరంగా సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడు, అన్నీ సగం నిద్రలో విన్నట్టే ఉంటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదని నా గురించి నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అలాంటి మెత్తని మధ్యాహ్నం నాకూ జాగ్రత్త సడలింది.

బోయినపల్లి నుంచి దేవయ్య అనే రైతు, భార్య లచ్చవ్వతో వచ్చాడు. మక్కచేనులో అడవిపందుల కోసం తండ్రి నాటి నుంచీ ఉన్న రైఫిల్‌ను ఎన్నికల డిపాజిట్‌కు తెచ్చాడు. దాని బోల్టు, అంటే తూటా గదిని వెనక నుంచి మూసే భాగం, కదలడం లేదు. రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని, లోపల ఏముందని అడిగాను.

"కాల్చిందే సార్. ఒట్టి డొల్ల ఇరికింది," అన్నాడు నేల చూస్తూ.

కాల్చిన తూటా ఖాళీ డొల్ల ఉబ్బి పట్టేయడం మామూలే. అప్పుడు గొట్టం మూతి నుంచి ఇత్తడి కడ్డీ దింపి మెల్లగా తడతాం. పేలని తూటా ఉందంటే మాత్రం మూతి ముందుకు వేలు కూడా పోరాదు. నేను ఒక చేత్తో మూతి పట్టుకుని కడ్డీ దింపబోయాను.

"చెయ్యి తియ్యి సారూ! అది పేలలే. ఇంట్ల మందు నింపిండు గీయన!" అని లచ్చవ్వ కేకేసింది.

తూటా సొంతంగా నింపడం నేరమని ఆ భార్యాభర్తలిద్దరికీ తెలుసు. దేవయ్య ముఖం పాలిపోయింది. నేను మూతి మీంచి చెయ్యి తీసి, కడ్డీ పక్కన పెట్టాను.

మూతిని ఇసుక బస్తాల వైపు తిప్పి రైఫిల్‌ను బల్లకు బిగించాను. అందరినీ బయటికి పంపి, బోల్టుకు నూనె వదిలి, చాలాసేపు ఆగాను. సుత్తి ముట్టలేదు. గోడ చాటు నుంచి తాడుతో బోల్టు పిడి లాగితే తూటా బయటపడింది. దాని అడుగున తుపాకీ పిన్ను కొట్టిన గుంట ఉంది, అయినా పేలలేదు. పాత డొల్ల, కొలత తెలియని మందు, సరిగ్గా కూర్చోని గుండు.

వరండాలో దేవయ్య భార్యను కసిరాడు. "నువ్వు నోరు మూసుకుంటే అయిపోతుండె గదనే."

"మూసుకుంటే గా సారు చెయ్యి పోతుండె," అంది ఆమె.

రిపోర్టు రాయక తప్పలేదు. ఆమె మాటే ఆధారమైంది. కేసయింది, లైసెన్సు పోయింది. ఆ ఏడు వాళ్ల మక్క పందుల పాలైందని తర్వాత విన్నాను. ఆమె కాపాడిన చేత్తోనే సంతకం పెట్టినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కేసు భయమున్న మనిషిని రిజిస్టరు ముందు పెట్టుకుని అడిగితే, అతను కేసుకు జవాబు చెబుతాడు గానీ తుపాకీకి చెప్పడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతి పట్టేసిన బోల్టునూ, లోపల పేలని తూటా ఉందనుకునే తెరిచాను. ఎవరినీ ఏమీ అడగలేదు.