ముళ్ళకోట రాణికి గొంతిచ్చిన మా అత్త

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ముత్తుకూరులో, మా బడి స్టాఫ్‌రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అత్త లెయ్యలేదమ్మా. కాఫీ తీసకపోయి పిలిచినా, లెయ్యలేదు," అన్నాడు.  ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ముందు వచ్చింది భయం. ఇన్నాళ్ళూ నా వెనక నిలబడి ఉన్న మనిషి చప్పుడు లేకుండా తప్పుకున్నట్టనిపించి, కుర్చీలో కూర్చునే వెనక్కి తిరిగి చూశాను. గోడా, గోడ మీద టైంటేబులూ తప్ప ఏమీ లేవు.

మీలో చాలామందికి ఆమె పేరు తెలియదు. ముఖం మాత్రం ఎక్కడో చూసే ఉంటారు. ఆస్పత్రి సీనులో "డాక్టరుగారు రమ్మంటున్నారు" అని చెప్పి వెళ్ళిపోయే నర్సు, పెళ్ళిపందిట్లో మూతి తిప్పే పక్కింటావిడ, శవం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే బంధువు, అన్నీ ఆమే. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళకైతే ముఖం కంటే గొంతు బాగా తెలిసుంటుంది. తెలుగులోకి మార్చిన బొమ్మల సినిమాల్లో మంత్రగత్తెలకూ, రాక్షస రాణులకూ, పిల్లల్ని ఎత్తుకుపోయే ముసలమ్మలకూ పాతికేళ్ళు ఆమే గొంతిచ్చింది. అందులో పేరుపడ్డది ముళ్ళకోట రాణి.

ముళ్ళకోట రాణి అరవదు. మిగతా సినిమాల్లో దుష్టులు వికటంగా నవ్వి, ఉరిమి, శపిస్తారు. ఈ రాణి మాత్రం పట్టుకొచ్చిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తల నిమురుతూ, తల్లి మాట్లాడినంత మెత్తగా మాట్లాడుతుంది. "భయపడతావెందుకు బంగారూ, నేనేమైనా అన్నానా?" అంటుంది. ఆ మాట వినగానే ఏడేళ్ళ నేను టీవీ ముందు నుంచి లేచి పరుగెత్తి, వసారాలో రొయ్యల మేత బస్తాల వెనక దాక్కునేదాన్ని. అది మీ అత్త గొంతేనని ఇంట్లోవాళ్ళు గొప్పగా చెప్పారు. దాంతో భయం ఇంకా పెరిగింది.

మా ఊరు విడవలూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర. నాన్నకు రొయ్యల గుంటలుండేవి. అత్త ఏడాదికోసారి మద్రాసు నుంచి బస్సులో వచ్చేది. ఆమె గుమ్మంలోకి రాగానే నేను పెరట్లోకి పోయేదాన్ని. అత్త నొచ్చుకోలేదు. పెరటి మెట్టు మీద నాకు వీపు చేసి కూర్చుని, ఎదురుగా ఉన్న కోళ్ళతో మాట్లాడుతున్నట్టు నాతో మాట్లాడేది. నేను మెల్లమెల్లగా దగ్గరికి జరిగి ఆమె జడ పట్టుకునేదాకా తిరిగి చూసేది కాదు. భయపడ్డ పిల్లను దగ్గరికి తీయాలంటే ముఖం తిప్పుకుని కూర్చోవాలని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. బడిలో కొత్తగా చేరి ఏడ్చే పిల్లల దగ్గర నేనిప్పటికీ అలాగే చేస్తాను.

పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవులకు నన్ను మద్రాసు తీసుకెళ్ళింది. రాణి ఎలా పుడుతుందో చూస్తే భయం పోతుందని నాన్నతో చెప్పి ఒప్పించింది. ముళ్ళకోట రెండో భాగం డబ్బింగు జరుగుతున్న థియేటరులో నన్ను అద్దానికి ఇవతల, సౌండు ఇంజనీరు పక్కన కూర్చోబెట్టారు. అవతల గదిలోకి వెళ్ళేముందు అత్త గాజులు తీసి నా చేతికిచ్చింది. చప్పుడవుతుందని గంజి పెట్టిన చీర కట్టుకునేది కాదు. కడుపులో గుడగుడలు కూడా మైకుకు వినపడతాయని రెండు అరటిపళ్ళు తిని, చెప్పులు విడిచి లోపలికి పోయింది.

తెర మీద రాణి పిల్లవాడి గడ్డం పట్టుకుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అత్త మాట అందుకుంది. నేను తెర చూడలేదు. ఆమె చేతులనే చూశాను. స్క్రిప్టు కాగితాలు పెట్టుకునే స్టాండును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. పాదాలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి నిలబడింది, మాస్టారు బెత్తం ఎత్తినప్పుడు పిల్లలు నిలబడతారే, అలాగ. ఆ వణుకు గొంతులోకి మాత్రం ఒక్క చుక్క రాలేదు. టేకు ఓకే అన్నాక ఆమె బయటికి వచ్చింది. జాకెట్టు వీపంతా తడిసి ఉంది. నా భయం పోలేదు కానీ వేరేదైంది. రాణిని చూసి భయపడేది నేనొక్కదాన్నే కాదని తెలిసింది.

ఆ గొంతు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "ఎవురో మాట్లాడతా ఉంటే విన్నాలే," అని, గాజులు తొడుక్కుంటూ మాట మార్చింది.

ఆ ఎవరో ఎవరన్నది నాకు ఇరవైనాలుగేళ్ళ వయసులో తెలిసింది.

నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి మంచి ఉద్యోగస్థుడు. నిశ్చితార్థానికి వచ్చినవాళ్ళంతా ఎంత మెత్తని మనిషోనని మెచ్చుకున్నారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. పొద్దుటి నుంచి ఏం చేశావో చెప్పమనేవాడు. చెప్పేదాన్ని. మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేవాడు. రెండోసారి ఏదైనా ఒక మాట మారితే నవ్వేవాడు. కోపపడింది లేదు, ఒక్క చెడ్డమాట అన్నది లేదు. అయినా ఫోన్ మోగితే నా అరచేతులు చల్లబడేవి. పెళ్ళంటే అందరికీ ఉండే కంగారేమో అనుకున్నాను. అమ్మ కూడా అదే అంది.

పెళ్ళి నెలరోజులుందనగా చీరలు కొనడానికి అత్త వచ్చింది. మధ్యాహ్నం మంచం మీద చీరలు పరుచుకుని చూస్తుంటే ఫోన్ వచ్చింది. నేను లేచి నిలబడి మాట్లాడాను. నేను నిలబడ్డానని నాకే తెలియదు. అత్త చూసింది. చేతిలో చీర కింద పెట్టి, స్పీకరు పెట్టమని సైగ చేసింది.

అవతల అతను అడుగుతున్నాడు. కోవూరు ఎందుకెళ్ళావు, ఏ బస్సుకెళ్ళావు, నిన్న చెప్పినప్పుడు పది గంటల బస్సన్నావే. నేను తడబడ్డాను. అతను నవ్వాడు. "భయపడతావెందుకు? నేనేమన్నా అన్నానా?"

అత్త మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. నాకప్పుడు మేత బస్తాల వాసన తగిలింది. ఏడేళ్ళ నాటి భయం వెనక్కి వచ్చి నా ఒంట్లో నిలబడింది.

నాన్న గుంటల దగ్గర నుంచి రాగానే విషయం చెప్పాం. ఆయనకు అర్థం కాలేదు. పిల్లోడు ఏమన్నాడని అడిగాడు. ఏమీ అనలేదన్నాను. కొట్టలేదు, తిట్టలేదు, ఎక్కువ కట్నం అడగలేదు, ఏమని చెప్పి పెళ్ళి తప్పించాలి అన్నాడు. ఆయన తప్పు లేదు.

అప్పుడు అత్త ఒక కుర్చీ లాగింది.

"అన్నా, ఒక్కరవ్వ ఇక్కడ కూచో," అంది. ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని తాను కూర్చుంది.  కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ తర్వాత వచ్చిన గొంతు ఆమెది కాదు.

"పొద్దుట్నించి ఏం చేసినావో చెప్పు."

నాన్న నవ్వాడు. చెల్లెలు ఏదో నాటకం చూపిస్తోందనుకుని చెప్పాడు. లేచినా, గుంటల కాడికి పొయినా, మేత వేసినా, నీళ్ళకు గాలి కొట్టే ఏరేటరు ఒకటి తిరగడం లేదంటే చూసినా, ఇంటికొచ్చి అన్నం తిన్నా. అత్త మళ్ళీ చెప్పమంది. చెప్పాడు. ఈసారి ఏరేటరు ముందు వచ్చింది, మేత తర్వాత వచ్చింది.

"ఇందాక మేత ముందన్నావే."

ఏదో ఒకటిలే అన్నాడు నాన్న.

"ఏదో ఒకటంటే ఎట్టా. మళ్ళీ చెప్పు."

మూడోసారి చెబుతుంటే నాన్న గొంతు పీలగా అయింది. నాలుగోసారికి భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అత్త గొంతు ఒక్క మెట్టు కూడా పైకి పోలేదు. అదే మెత్తదనం, అదే తీపి. వాకిట్లో ఎండ పడుతోంది, పక్కింట్లో కుక్కర్ కూత వేస్తోంది, అయినా నాకూ అమ్మకూ ఒళ్ళు గగుర్పొడిచింది. అత్త ముందుకు వంగి నాన్న మోకాలి మీద చెయ్యి వేసింది.

"భయపడతావెందుకు? నేనేమన్నా అన్నానా?"

నాన్న కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.  ఇన్నేళ్ళుగా టీవీలో వింటూ చెల్లెల్ని చూసి మురిసిన మనిషి, అప్పుడు గుర్తుపట్టాడు.

"అది బావ గొంతు గదా మే," అన్నాడు.

"బావదే," అంది అత్త తన గొంతుతో. "ఆ పొద్దు మీరు ఏం చేసినాడని అడిగితే నాకు చెప్పను చేతకాలేదన్నా."

ఆ పొద్దు ఏం జరిగిందో తర్వాత అమ్మ చెబితే విన్నాను. పెళ్ళైన ఏడాదిలో అత్త రెండుసార్లు ఆ మొగుడి దగ్గర నుంచి పుట్టింటికి వచ్చేసింది. ఒంటి మీద దెబ్బ లేదు. ఏం చేశాడంటే ఏమీ చేయలేదు, భయమేస్తోంది అనేది. అదేం మాటని నాయనమ్మ కసిరింది. రెండుసార్లూ నాన్నే తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు. మూడోసారి ఆమె ఇంటికి రాలేదు. నెల్లూరులో మద్రాసు బస్సెక్కింది. హాస్టలు వంటింట్లో పనిచేసి, గుంపులో నిలబడే వేషాలు వేసి, గుంపు గొంతుల డబ్బింగు చెప్పి, చివరికి ముళ్ళకోటకు చేరింది. రాణి మాట స్క్రిప్టులో "భయపడతావెందుకు బంగారూ" వరకే ఉందట. తెర మీద పెదవులు ఇంకా కదులుతున్నాయి, మాట చాలలేదు. ఏదైనా కలపమని డైరెక్టరు అడిగితే, ఆలోచించకుండానే ఆమె నోటి నుంచి ఆ రెండో ముక్క వచ్చిందట. అందరూ చప్పట్లు కొడుతుంటే బాత్‌రూములోకి పోయి వాంతి చేసుకున్నానని నాతో ఒకసారి చెప్పింది. తెర మీద తన పేరు వేయనిచ్చేది కాదు. పేరు చూస్తే ఆ మొగుడు వెతుక్కుంటూ వస్తాడని భయం. అతను చనిపోయి ఆరేళ్ళయ్యాక కూడా వేయనివ్వలేదు.

నాన్న ఆ సాయంత్రమే వెళ్ళి సంబంధం వద్దని చెప్పి వచ్చాడు. కారణం అడిగితే మా అమ్మాయికి భయంగా ఉందన్నాడట. అదొక కారణమా అని వాళ్ళు నవ్వినా అదే చెప్పి లేచి వచ్చాడట.

పెళ్ళి తప్పినా ఆ అబ్బాయి ఫోన్లు మానలేదు. వేరే వేరే నంబర్ల నుంచి చేసేవాడు. అత్త మద్రాసు పోకుండా నెలన్నర మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒకరోజు నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. రాణి గొంతుతో అతన్ని హడలగొడుతుందని ఎదురుచూశాను. ఆమె తన గొంతుతోనే, అదీ వణుకుతున్న గొంతుతో మాట్లాడింది. "అమ్మాయి మాట్లాడదు నాయనా. ఇంక చెయ్యొద్దు. ఈసారి చేస్తే స్టేషన్ కాడికి నేనే వస్తా." ఫోన్ పెట్టేసింది. నీకు భయం లేదనుకున్నానన్నాను. "భయం యాడికి పోతాదే. అది ఉండంగానే పని చేసుకోవాల," అంది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. కానీ ఇంకో ఏడాదిపాటు ఫోన్ మోగినప్పుడల్లా మా ఇంట్లో ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకునేవాళ్ళం.

నా పెళ్ళి నాలుగేళ్ళ తర్వాత అయింది. మా ఆయనది థర్మల్ ప్లాంటులో ఉద్యోగం. మిషన్ల మోతలో చెవులు మందగించి గట్టిగా అరిచి మాట్లాడతాడు. అత్తకు ఆయనంటే ఇష్టం. "ఈయన ఏమనుకుంటాండాడో వీధి చివరిదాకా తెలుస్తాది. మంచిది," అనేది.

చివరి మూడేళ్ళు ఆమె నాన్న దగ్గరే ఉంది. నాన్నే వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఇద్దరూ ఆ పాత విషయం గురించి మళ్ళీ మాట్లాడుకున్నట్టు లేదు. పొద్దున్నే ఆమెకు కాఫీ తానే కలిపి తీసుకెళ్ళేవాడు. ఆమె తాగుతున్నంతసేపూ పక్కన నిలబడి, ఏమీ అడగకుండా, గ్లాసు తీసుకుని వచ్చేవాడు.

ఆమెకు పిల్లల్లేరు కనుక కర్మ నాన్నే చేశాడు. మూడోనాడు అస్థికలు కలపడానికి మా ఊరి సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. ఆడవాళ్ళం ఇసుకలోనే ఆగిపోయాం. నాన్న ముంత పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచాడు. ముంత నీళ్ళలో వదిలేశాక తిరిగి రాకుండా అక్కడే నిలబడ్డాడు. కొంచెం వంగి, నీళ్ళకేసి ఏదో చెబుతున్నాడు. గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తోంది, ఒక్క మాటా మా దాకా రాలేదు. అలలు వచ్చి పంచె తడిపి పోతున్నాయి. ఆయన పెదవులు మాత్రం చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.