ఫారంలో మూడో పేరు

ఆ వీధిలో ఆ వడ్రంగిని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన కొలతల మేస్త్రి. చెక్క కోయాలంటే మూడుసార్లు కొలుస్తాడు, పెన్సిల్‌తో గీత గీస్తాడు, అటు నుంచోసారి ఇటు నుంచోసారి చూస్తాడు, అప్పటికీ నమ్మకం కుదరక నాలుగోసారి కొలుస్తాడు. ఈలోపు తలుపు చేయించుకోవడానికి వచ్చిన మనిషి ఇంటికెళ్లి భోంచేసి రావచ్చు. అయితే ఆయన బిగించిన తలుపు ఎంత వానలోనూ కిర్రుమనదు. ముప్పై ఏళ్లలో ఒక్క చెక్క కూడా పొరపాటున కోయలేదని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. నిజమే, కోయలేదు.

కింద కొట్టు, పైన రెండు గదులు. పైన ఆయనా, భార్యా, ఎనిమిది నెలలుగా కూతురూ ఉంటున్నారు. భర్తతో పొసగక ఒక సూట్‌కేసుతో వచ్చేసిన కూతురు, నెల తిరక్కుండానే మందుల షాపులో ఉద్యోగం చూసుకుంది. మళ్లీ వెళ్తావా అని తండ్రి అడగలేదు. అడిగితే వెళ్లమన్నట్టుంటుందని ఆయన భయం. ఇంట్లో అన్ని మాటలూ నడుస్తున్నాయి, ఆ ఒక్క మాట తప్ప.

సరిగ్గా అప్పుడే వార్డు ఆఫీసు నుంచి ఓటర్ల ఫారం వచ్చి పడింది. ఏటా వచ్చేదే. ఇంట్లో ఎవరెవరున్నారో అచ్చువేసి పంపుతారు. వెళ్లిపోయినవాళ్లుంటే కొట్టేయాలి, కొత్తగా వచ్చినవాళ్లుంటే కింది వరుసలో చేర్చాలి. పదిహేను రోజులయ్యాక ఆఫీసు ఆవిడ వచ్చి పట్టుకెళ్తుంది. మామూలుగా మేస్త్రి దాన్ని అయిదు నిమిషాల్లో తేల్చేసేవాడు. ఈసారి తన పేరూ భార్య పేరూ అచ్చులో చూసుకుని, ఖాళీగా ఉన్న మూడో వరుస దగ్గర ఆగిపోయాడు. పక్కన సన్నటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఒక మనిషి పేరు ఒక్క చోటే ఉండాలట. ఇక్కడ చేరిస్తే పాత చిరునామాలో తీసేస్తారట.

ఆ ముక్కే ఆయన కొంప ముంచింది. అల్లుడి ఇంట్లోంచి కూతురి పేరు తన చేత్తో కోసేసినట్టే కదా? పిల్ల మనసులో తిరిగి వెళ్లాలని ఉంటే? పోనీ రాయకుండా వదిలేద్దామంటే, కన్నకూతురు పైగదిలో ఉండగా ఇంట్లో లేదని సంతకం పెట్టడం ఎలా? పన్నెండు రోజులు ఆ కాగితం ఉలుల పెట్టె కింద నలిగింది. భార్య రెండుసార్లు గుర్తుచేసి, మూడోసారి, పిల్లని అడగడానికి నోరు లేదా అని విసుక్కుంది. నోరుంది గానీ పెగల్లేదు.

పదమూడో రోజున ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. మూడో వరుసలో కూతురి పేరు పెన్సిల్‌తో, ముట్టీ ముట్టనట్టు రాశాడు. పెద్ద చిక్కు విడిపోయిందనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు పొద్దున షాపుకు బయల్దేరుతూ కూతురు గొడుగు కోసం కొట్లోకి వచ్చింది. ఫారం బల్ల మీదే ఉంది. చూసింది. మేస్త్రి రంపం పక్కన పెట్టాడు.

"అక్కడ పోయిన నెలే కొట్టేశారు నాన్నా. నేను ఉండటం లేదని వాళ్లే రాసిచ్చారు. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఇక్కడ నువ్వేమో పెన్సిల్‌తో రాశావు. ఇంతకీ నేనెక్కడున్నట్టు?"

పొరపాటున ఏదీ కోయలేదని చెప్పుకునే మనిషి, ఎంత లోతుగా కోశాడో కళ్లారా చూశాడు. ఇంకా కొలుచుకుంటూ కూర్చుంటే లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పెన్నుతో రాస్తే నీ దారి నేనే మూసేసినట్టవుతుందని భయపడ్డాను తల్లీ. వెళ్తానంటే చెరిపేయొచ్చు కదా అని అలా రాశాను. నువ్వు ఇక్కడే ఉండిపోతే బాగుండునని నాకు నువ్వు వచ్చిన రోజు నుంచీ ఉంది."

"మరి ఆ మాట చెప్పవేం?" అంది కూతురు. తను ఎప్పుడు కదులుతుందా అని ఇద్దరూ చూస్తున్నారనుకుందట. షాపు దగ్గర అద్దెకు రెండు గదులు కూడా చూసొచ్చిందట.

మెట్ల మీద భార్య నిలబడి ఉందని వాళ్లు అప్పుడు గమనించారు. ఎనిమిది నెలలు తండ్రీకూతుళ్లిద్దరూ నోరు కుట్టుకుని తన ప్రాణం తోడేశారని ఆవిడ ఇద్దరినీ కలిపి దులిపేసింది. తిడుతూనే కళ్లు తుడుచుకుంది. కూతురికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వినగానే మేస్త్రికి భుజం మీంచి దూలం దింపినట్టయింది. అక్కడే పొట్టు కుప్ప మీద కూలబడి, హమ్మయ్య అని పైకే అనేశాడు.

కూతురు సంచిలోంచి పెన్ను తీసి తన పేరు తనే రాసుకుంది. ఎప్పటి నుంచి ఉంటున్నారన్న చోట తగువొచ్చింది. మంగళవారం వచ్చిందని మేస్త్రి, కానే కాదు బుధవారమని భార్య. సూట్‌కేసు మోసుకొచ్చింది నేను, నాకు తెలీదా అని కూతురు ఇద్దరి నోళ్లూ మూయించింది. ఆ పిల్ల షాపుకు అరగంట ఆలస్యంగా వెళ్లింది. మేస్త్రి ఆ రోజు ఒక కిటికీ చెక్కని రెండేసార్లు కొలిచి కోసేస్తే, చేయించుకోవడానికి వచ్చినాయన ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. ఇంత బాగా ఎప్పుడూ లేదన్నాడు మేస్త్రి.

రెండు రోజుల తర్వాత ఆఫీసు ఆవిడ వచ్చింది. అప్పటికే నలభై ఇళ్లు తిరిగిందేమో, మడిచిన ఫారం విప్పకుండానే తన జాబితా చూసి, "ఇద్దరే కదండీ, మార్పులేమీ లేవు కదా?" అంది.

"ముగ్గురమండీ," అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఫారం విప్పి చూసి, సరేనని టిక్కు పెట్టి, రసీదు చించి చేతికిచ్చింది. పక్కింటి వైపు నాలుగడుగులు వేసింది కూడా. మేస్త్రి గుమ్మం దాకా వచ్చి, ఎవరూ అడక్కపోయినా, వీధి మొత్తానికీ వినబడేలా మళ్లీ చెప్పాడు.

"ముగ్గురం."