మాటల్లేని సినిమా

రొంపిచెర్లలో మధ్యాహ్నం భోజనమయ్యాక శేషారత్నం వసారాలో మంచమెక్కి, పొట్ట మీది దిండుకు ఫోను ఆనించి సినిమా చూస్తుంది. చనిపోయిన అక్క కూతురు లహరి ఆమె కాళ్లు పడుతుంది. ఆ రోజు వచ్చింది పాతకాలపు మూకీ సినిమా. అందులో ఒక ముసలివాడు అనాథ పిల్లల్ని ఆకలితో మాడుస్తూ చాకిరీ చేయిస్తున్నాడు. శేషారత్నం కొంగుతో కళ్లొత్తుకుంది.

“చూడవే, ఆ పసిదానికి ముద్దన్నా పెట్టలా, పాపిష్టోడు!”

లహరి తలెత్తలేదు. “నేనూ ఇంకా తినలా పిన్నీ,” అంది, కాళ్లు పడుతూనే.

శేషారత్నం కాళ్లు ముడుచుకుంది. “ఏమే, ముందే చెప్పొద్దా? పో, తిను!” అని కసిరింది. లహరి వంటింట్లోకి వెళ్లింది. శేషారత్నం ఫోను ఆపేసింది. తర్వాత కేకేసింది: “ఫ్రిజ్‌లో పెరుగుంది, ఏసుకో!”

లహరి ఎన్నడూ ముట్టుకోని ఆ ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు చాలాసేపటికి గానీ వినపడలేదు.