రెండో తాళంచెవి

మా సర్వే ఆఫీసు పటాల గదిలో ఇనుప బీరువాకు రెండు తాళాలు. ఒక చెవి అక్క దగ్గర, ఇంకోటి నా దగ్గర. ఇద్దరం కలిసి తిప్పితేనే తెరుచుకుంటుంది. రహస్య పటాలు ఏ ఒక్కరి చేతికీ చిక్కకూడదని ఆఫీసు పెట్టిన రూలు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, ఆఫీసంతా ఆమెను తాళాలక్క అనే పిలుస్తుంది. ఉన్నమాట ముఖం మీదే అనేసే మనిషి. క్యాంటీనతని టీ తాగి "గిన్నె కడిగిన నీళ్లు బాగా కాచావు నాయనా" అని మెచ్చుకునేది.

ఇదివరకు ఉద్యోగంలో చేరేటప్పుడు ఒక్కసారి మా మంచీచెడ్డా విచారిస్తే సరిపోయేది. ఇప్పుడు కంప్యూటరు మామీదా, మా ఇంట్లోవాళ్ల మీదా ఎప్పుడూ ఓ కన్నేసే ఉంచుతుంది. అత్తగారు కూడా ఇంత ఆరా తియ్యదు!

అక్క తమ్ముడు ఓ కొట్లాట కేసులో జైలుకెళ్లి, శిక్ష ముగించుకుని ఆమె ఇంటికే వచ్చాడు. అక్క ఆ రోజే ఆఫీసులో చెప్పేసింది. సాయంత్రాలు అక్కను తీసుకెళ్లడానికి వచ్చేవాడు గానీ, గేటు దాకా రావడానికి మొహం చెల్లక మలుపులోనే నిలబడేవాడు.

వారం తిరక్కుండానే తనిఖీ అధికారి మా గదికొచ్చాడు.

"మీ తమ్ముణ్ణి అడ్డం పెట్టుకుని ఎవరైనా మిమ్మల్ని బెదిరించొచ్చమ్మా. ఇంకో అడ్రసులో ఉంటున్నాడని రాసివ్వండి. మీ ఇంట్లోనే ఉండనివ్వండి, నేను చూసీచూడనట్టు పోతాను. లేదంటే పాసు తీసేసుకోవాలి."

పాసు పోతే ఈ గది పోయినట్టే. అక్కను స్టోరులో చీపుర్లు లెక్కపెట్టుకోమని కూర్చోబెడతారు.

అక్క నవ్వింది. "మావాడు జైలుకెళ్లాడని మా వీధిలో కుక్కలక్కూడా తెలుసు. ఇంక నన్ను దేంతో బెదిరిస్తారండీ? మీరన్నట్టు రాసిచ్చాననుకోండి, అప్పుడు దొరుకుతుంది ఓ అబద్ధం. అదీ మీ చేతిలోనే!"

అయినా ఆయన పాసు కోసం చెయ్యి చాచాడు.

అక్క మెడలోని పాసు తీసి బల్లమీద పెట్టింది. "ఇది మీరిచ్చింది, తీసుకోండి. తమ్ముణ్ణి మా అమ్మిచ్చింది." తాళంచెవి కూడా పక్కన పెట్టి, సంచి తగిలించుకుని బయటికి నడిచింది.

ఆయన ఆ చెవిని నా వైపు జరిపాడు. "కొత్తవాళ్లొచ్చేదాకా రెండూ మీరే ఉంచుకోండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "రెండూ నా దగ్గరే ఉంటే ఇంక రెండు తాళాలెందుకండీ? అబద్ధం రాయనందుకు ఆవిడ పనికిరాకపోతే నేనూ పనికిరాను." నా చెవి కూడా బల్లమీద పడేసి, అక్క వెనకాలే మెట్లు దిగాను.

గేటు దగ్గర అక్క ఆగి, మలుపులో ఉన్న తమ్ముణ్ణి కేకేసింది. అతను తల దించుకుని వచ్చాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని, పై అంతస్తు కిటికీలదాకా వినపడేలా వాచ్‌మన్‌తో అంది:

"వీడు మా తమ్ముడు. మా ఇంట్లోనే ఉంటాడు."