స్టెనోగారి “నిజం కాదు”

2023లో ఢిల్లీలోని ఒక జిల్లా కోర్టులో సిబ్బంది పని పరిస్థితుల మీద సర్వే చేస్తున్నాను. ఎవరిని కదిపినా “సబ్ ఠీక్ హై మేడమ్”, అంతా బాగుందంటూ టీ తెప్పించేవారు. నా ఫారాల్లో “ఇబ్బంది లేదు” అన్న గడులు మాత్రం ఎడాపెడా నిండిపోతున్నాయి.

పిల్లలపై జరిగే నేరాలను విచారించే కోర్టులో స్టెనో విజయగారు. కాకినాడ వైపు మనిషి, జనక్‌పురిలో కాపురం. సాక్షి చెప్పినదాన్ని జడ్జిగారు డిక్టేట్ చేస్తే టైపు చేయడం ఆవిడ పని. తెలుగు మనిషి దొరికిందని సంబరపడి, లంచ్ వేళ వెళ్ళి పని ఎలా ఉందని అడిగాను.

“పని ఎక్కువనడం నిజం కాదండి. ఇంటికెళ్ళాక మా పాపని దగ్గరికి తీసుకోలేకపోతున్నాననడం కూడా నిజం కాదు,” అన్నారు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

పాప సంగతి నేను ఎత్తనే లేదు. తికమకపడి, “ఇబ్బంది లేదు” గడిలో టిక్ పెట్టనా అన్నాను. చెప్పింది చెప్పినట్టు రాసుకోమన్నారు. టిక్ పెట్టేశాను.

మెట్రోలో మయూర్ విహార్‌లోని మా ఇంటికి చేరేదాకా అదే ఆలోచన. మా పక్క ఫ్లాట్‌లోని లాయర్ ఆంటీని అడిగితే విడమరిచి చెప్పారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి లాయరు సాక్షిని నిలదీసేటప్పుడు, మామూలుగా ప్రశ్నను రికార్డులో రాయరట. సాక్షి కాదంటే “ఫలానా అనడం నిజం కాదు” అని జవాబొక్కటే ఉంటుందట.

“నిజం కాదు అని రాసి ఉందంటే, ఆ మాట ఎవరో అడిగారనే అర్థం,” అన్నారామె.

మరి విజయగారిని అడిగిందెవరు? ఎవరూ అడగలేదు కాబట్టే, నన్ను అడగమన్నారేమో.

మర్నాడు ఫారం లేకుండా వెళ్ళి, పాపని దగ్గరికి తీసుకోగలుగుతున్నారా అని సూటిగా అడిగాను. కీబోర్డు పక్కకి జరిపారు.

“లేదండి. దాని మీద చెయ్యి వేస్తే పగలు టైపు చేసినవన్నీ గుర్తొస్తాయి. ఎనిమిదేళ్ళది. మమ్మీకి నా మీద గుస్సానా అని వాళ్ళ నాన్నని అడుగుతోంది. ఇది మాత్రం రాయకండి. ఆఫీసులో తెలిస్తే పనికిరానంటారు.”

వేరే కోర్టుకి మార్చమని అడగొచ్చు కదా అన్నాను. అర్జీలో కారణం రాయాలి కదండీ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. రాయనని మాటిచ్చాను.

ఆ కోర్టు సిబ్బందికి చెప్పుకోదగ్గ ఇబ్బందులు లేవని నివేదిక వచ్చింది. కింద సంతకం నాదే. జవాబులు పోగేసుకోవడం సర్వే కాదని, అడగవలసింది అడగడమే అసలు పని అని విజయగారు నేర్పారు. కానీ ఆ తల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నానా, ఆ పాపకి అన్యాయం చేశానా, ఇప్పటికీ నాకు తెలియడం లేదు.